నడక చివర్లో పబ్ ఉండేలా చూసుకోండి

ఇంగ్లండ్‌లో ఉంటూ వారాంతాల్లో కొండదారుల్లో నడిచేవాళ్లకు ఒక మాట. పల్లె పబ్‌ను నడక మధ్యలో కాకుండా చివర్లో పెట్టుకోండి, అదీ రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో. తాగి కారు నడపాల్సిన టెన్షన్ ఉండదు.

పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండల నేషనల్ పార్క్‌లోని ఈడేల్ పల్లె నాకెంతో ఇష్టం. మాంచెస్టర్ నుంచీ షెఫీల్డ్ నుంచీ రైలుంది. 636 మీటర్ల కిండర్ స్కౌట్ కొండ ఎక్కి దిగితే, పెనైన్ వే అనే సుదీర్ఘ నడకదారి మొదలయ్యే చోటే ఓల్డ్ నాగ్స్ హెడ్ అనే పాత పబ్ కనిపిస్తుంది.

ఇలాంటి చోట సీసా బీరు అడక్కండి. చేత్తో లాగే పంపు నుంచి వచ్చే కాస్క్ ఏల్, అంటే పీపా బీరు, అడగండి. అది పీపాలోనే ఇంకా పులుస్తూ ఉంటుంది, 11-13 డిగ్రీల చల్లదనంలో పోస్తారు. మన ఐస్ లాంటి బీరుకు అలవాటైన నాలుకకు మొదటి గుక్క వింతగా అనిపిస్తుంది. కాసేపటికి మాల్టు (మొలకెత్తించిన ధాన్యం) తీపి, హాప్స్ అనే పూల చేదు విడివిడిగా తెలుస్తాయి, ఆ రుచి కోసమే ఇంత దూరం నడవొచ్చు! ఏది కావాలో తేలకపోతే కొంచెం రుచి చూపించమనండి, చాలాచోట్ల ఇస్తారు. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. సగం పైంట్ చొప్పున తీసుకుంటే రెండు రకాలు చూడొచ్చు. ముందు మాత్రం మంచినీళ్లు తాగండి, అడిగితే ఉచితంగా ఇవ్వాలని అక్కడ చట్టమే ఉంది.

భోజనం కావాలంటే ముందే ఫోన్ చేయండి. చాలా పల్లె పబ్బుల్లో మధ్యాహ్నం వంట రెండు, రెండున్నరకే ఆపేస్తారు. బురద బూట్లు గుమ్మం దగ్గరే విప్పేయండి.