ఆలోచనల చిత్తుపుస్తకం – 4వ పాఠం: రాసుకున్నదే అర్థం కానప్పుడు

తోచిన ప్రతి ఆలోచననూ వారం పాటు రాయమని గత పాఠంలో చెప్పాను. వాటిని వర్గాలుగా విడదీయడం ఈ పాఠంలో నేర్పవలసి ఉంది. కాని మీరు పంపిన పుటలు చూశాక దానిని వచ్చే పాఠానికి వాయిదా వేయక తప్పలేదు. ఎక్కువమంది శ్రద్ధగానే రాశారు, అయితే వారం తిరిగేసరికి తాము రాసినది తమకే బోధపడలేదు. కొందరు రెండు రోజులకే విసిగి, పనికివచ్చే ఆలోచన దానంతట అదే గుర్తుకు వస్తుంది గనుక రాయడమే దండుగ అని తేల్చేశారు.

ఈ రెండో వారికి చెప్పవలసింది తక్కువ. తిరిగి వచ్చిన ఆలోచనలే మీ లెక్కలో ఉన్నాయి. రానివి ఎన్నో, ఎలాంటివో మీకు తెలిసే వీలు లేదు, ఎందుకంటే మరిచిపోయామన్న ఎరుక కూడా వాటితోనే పోయింది. హెర్మాన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు తన మీద తానే చేసుకున్న ప్రయోగాలను 1885లో ప్రచురించాడు. మరపు మొదటి గంటలోనే వేగంగా సాగి ఆ తరువాత నెమ్మదిస్తుందని ఆయన చూపాడు. ఆయన వల్లె వేసినవి అర్థం లేని అక్షరాల గుంపులు కాబట్టి ఆ లెక్కలను మన ఆలోచనలకు యథాతథంగా అంటగట్టకూడదు. అయినా రాత్రి భోజనమయ్యాక తీరిగ్గా రాస్తామనేవారు ఆ మొదటి గంట సంగతి గమనించాలి. నరసాపురం రేవులో గోదావరి దాటడానికి పంటు ఎక్కినప్పుడు తోచినదాన్ని సఖినేటిపల్లిలో దిగేలోపే కాగితం మీద పెట్టాలని నేను అనేది ఇందుకే.

ఒక పాఠకుడు బలమైన అభ్యంతరమే పంపారు. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు పుట్టిన కడియం పక్కనే ఉండి, శతావధానాలు చేసినవారి ధారణశక్తిని తెలిసి కూడా కాగితాన్ని నమ్ముకోమనడం ఏమిటని ఆయన ప్రశ్న. అవధాని ధారణలో నిలుపుకునేది పద్యాన్ని అన్న సంగతి ఇక్కడ ముఖ్యం. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి, ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ప్రాస. ఒక మాట జారినా దాని కొలత, దాని మొదటి అక్షరం ఎలా ఉండాలో చాలాసార్లు పద్యమే చెబుతుంది. పైగా ఆయనకు ఏళ్ల సాధన ఉంది, ఎదుట ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఉన్నారు, అన్ని పద్యాలనూ చివర అప్పజెప్పి తీరాలన్న నియమమూ ఉంది. కాలువ గట్టు మీద నడుస్తుండగా మీకు తోచినదానికి ఛందస్సూ లేదు, అడిగేవారూ లేరు. దానిని మీరు ఒక పద్యంగానో, బిగువైన ఒక వాక్యంగానో కట్టి నాలుగుసార్లు పైకి చెప్పుకోగలిగితే నిక్షేపంగా జ్ఞాపకాన్నే నమ్మండి. అంత శ్రమ కంటే పెన్సిలు తీయడం తేలిక.

ఇక అసలు చిక్కుకు వస్తాను. మీ పుటలలో సగానికి పైగా ఒంటరి మాటలే ఉన్నాయి. ఇది నాకు బొత్తిగా నచ్చని అలవాటు కనుక కాస్త సాగదీస్తాను. ఒంటరి మాట రాసినవారు తాము రాశామనుకుంటారు గాని, నిజానికి వారు నమ్ముకున్నది జ్ఞాపకాన్నే. రాసే క్షణంలో మిగిలిన విషయమంతా తలలో నిండుగా ఉంటుంది కాబట్టి ఆ ఒక్క మాట చాలునని తోస్తుంది; తలలోనిది చెదిరిపోయాక ఆ మాట చిరునామా లేని ఉత్తరంలా మిగిలిపోతుంది. కోనసీమ నుంచి ఒక ఉపాధ్యాయురాలు "ప్రభలు" అని రాశారు. కనుమ నాడు తీర్థానికి భుజాల మీద మోసుకెళ్లే వెదురు కట్టడాలవి. జగ్గన్నతోట తీర్థం గురించి పిల్లలకు చెప్పాలనా, వెదురు కట్టే పద్ధతిని బొమ్మ గీయించాలనా, కనుమ నాటి రద్దీ గురించి వ్యాసం రాయాలనా? ఆమెకే తెలియలేదు. "కౌశిక ఏరు దాటేటప్పుడు ప్రభ ఒరగకుండా మోసేవారికి ఎవరు, ఎలా సూచన ఇస్తారో పెద్దవాళ్లను అడగాలి" అని రాసి ఉంటే, ఏడాది తరువాత చదివినా అక్కడి నుంచే పని మొదలవుతుంది. నర్సరీ నడిపే మరొకరు "నీడ" అని రాసి ఊరుకున్నారు. నేను గుచ్చి గుచ్చి అడిగితే, షేడ్‌నెట్ కింద క్రోటన్ల ఆకులు రంగు తగ్గుతున్నాయేమో, కొన్నింటిని ఎండలోకి మార్చి చూద్దామన్న ఊహ అని చివరికి బయటపడింది. ఆ ఊహనే వాక్యంగా రాయాలి. చేయవలసిన పనో, అడగవలసిన ప్రశ్నో లేని వాక్యం నా దృష్టిలో ఇంకా పూర్తికాలేదు.

భీమవరం వైపు రొయ్యల చెరువులున్న ఒకాయన మాత్రం "తెల్లవారుజాము" అన్న ఒక్క మాటతోనే గట్టెక్కారు. చెరువు నీటిలో ప్రాణవాయువు ఆ వేళకు బాగా తగ్గుతుందన్నది ఆయనకు ప్రతిరోజూ ఎదురయ్యే సంగతి గనుక మిగిలినదాన్ని వృత్తే అందించింది. రోజూ చేతిలో ఉన్న పనికి ఒక్క మాట చాలు. కొత్తగా తోచినదానికి చాలదు.

సరుకుల జాబితాలను ఈ పుస్తకంలోకి రానివ్వకండి. చిత్తును మంచి పుస్తకంలోకి అందంగా ఎత్తి రాయడం కూడా మానండి, అది ఆలోచించకుండా పొద్దుపుచ్చే పని. ఫోనులో గొంతు రికార్డు చేసుకుంటామన్నవారిని ఆపను. అయితే తిరిగి విన్నవారిని నేను చూడలేదు.

అభ్యాసం ఈసారి కాస్త కఠినం. మూడు రోజులు ఆలోచనకొక చీటీ చొప్పున, పూర్తి వాక్యంతో రాసి, తిరిగి చూడకుండా ఒక డబ్బాలో వేయండి. నాలుగో ఉదయం డబ్బా తెరవకముందే, గుర్తున్నవన్నీ ఒక కాగితం మీద రాయండి. తరువాత చీటీలు తీసి పోల్చి, కాగితం మీదికి రానివాటిని వేరు చేయండి. వాటిలో ఇప్పుడు చదివితే మీకే ఆశ్చర్యం కలిగించినవాటిని ఏరి, ఒక్కొక్కదాని గురించి ఒక పుట రాయండి. చదివినా అర్థం కాని చీటీలు ఏవైనా ఉంటే పారేయకుండా, వివరణ జతచేయకుండా, ఉన్నవి ఉన్నట్టే నాకు పంపండి. వర్గాలుగా విడదీసే పాఠాన్ని వాటితోనే మొదలుపెడతాను.