ద్వీపాల్లో శాకాహార భోజనం: ‘వెజ్జేనా?’ అని మాత్రం అడగకండి

సెలవులు దగ్గర పడుతున్నాయి. బెంగళూరులోని మన తెలుగు కుటుంబాలు ఇండోనేషియాలోని బాలి, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్, శ్రీలంక టికెట్లు తీసుకుంటున్న ఈ సమయంలో, గత నెల మా అపార్ట్‌మెంటులో ఒక కుటుంబానికి ఎదురైన అనుభవం చెప్పక తప్పదు. కోడిగుడ్డు కూడా ముట్టని ఆ ఇంటి అమ్మాయి, బాలిలో శాకాహారులకు అనుకూలమని బోర్డు పెట్టిన ఒక హోటల్లో, ఉడికించిన కూరగాయల మీద వేరుశనగ పచ్చడి పోసి ఇచ్చే గాడోగాడో తిన్న పావుగంటలో పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరి అందక ఆస్పత్రి పాలైంది. ఇంజెక్షన్ ఇచ్చి రాత్రంతా దగ్గర ఉంచుకుని చూశారు కాబట్టి క్షేమంగా ఇంటికి చేరింది. ఆ పచ్చడిలో రొయ్యల ముద్ద ఉంది. తల్లి ముందే అడిగారు. ‘వెజ్జేనా?’ అని అడిగారు, అవునన్నారు.

ఎందరినో దెబ్బతీసిన తప్పు ఈ ఒక్క ప్రశ్నే. వెయిటరు అబద్ధమాడాడని నేను అనుకోను. రొయ్యలను ఉప్పుతో పులియబెట్టి, ఎండబెట్టి చేసే తెరాసి అనే ముద్ద అక్కడి వంటకు మన చారులో ఇంగువ వంటిది. బాలిలోని ఉబుద్‌లో ఒక వంటావిడ పచ్చడి నూరడం నేను దగ్గర నిలబడి చూశాను. గోధుమరంగు బిళ్లలోంచి చింతగింజంత ముక్క గిల్లి, మంట మీద కాస్త చూపించి, మిరపకాయలతో కలిపి రాతిపళ్లెంలో నూరేసింది. ఆ తరువాత అందులో రొయ్య జాడ కంటికి కనిపించదు. చారులో ఏముందని అడిగితే మనలో ఎంతమంది ఇంగువ పేరు చెబుతారు? మాంసం ముక్క, చేప ముక్క లేని వంట ఆమె లెక్కలో శాకాహారమే. థాయ్‌లాండ్‌లో చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసిన నామ్ ప్లా, శ్రీలంకలో ఎండబెట్టిన చేపను పొడిచేసి కలిపే ఉంబలకడ ఇదే విధంగా కూరగాయల వంటల్లోకి చేరతాయి. కొబ్బరి పచ్చడిలా కనిపించే పోల్ సంబోల్‌లోనూ, ఒక్కోసారి పప్పులోనూ ఆ పొడి పడుతుంది.

బయలుదేరే ముందు

ఇంట్లో ఎవరికైనా డస్ట్ అలర్జీ గాని, ఉబ్బసం గాని ఉంటే అలర్జీ డాక్టరుతో ఈ ప్రయాణం సంగతి చెప్పాలి. ఇంటి దుమ్ములో ఉండే మైట్ అనే అతి చిన్న పురుగులోనూ, బొద్దింకలోనూ, రొయ్యలోనూ ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ దాదాపు ఒకే పోలికలో ఉంటుంది. అందువల్ల దుమ్ము పడనివారిలో కొందరికి, జన్మలో రొయ్య రుచి ఎరగకపోయినా, తొలి ముద్దకే ఒళ్లు తిరగబడవచ్చు. వేయించినా ఉడికించినా ఆ ప్రోటీన్ గుణం పోదు. అందరికీ ఇలా జరగదు, కానీ దుమ్ముకు మందులు వాడేవారు ఇంటింటా కనిపించే ఈ బెంగళూరులో ఈ మాట తెలియకుండా విమానం ఎక్కకూడదు. తీవ్రమైన అలర్జీకి వాడే అడ్రినలిన్ ఇంజెక్షన్ డాక్టరు రాసిస్తే, దానిని వాడే పద్ధతి ఇంట్లో కనీసం ఇద్దరు నేర్చుకోవాలి. మందు, చీటీ రెండూ చేతిసంచిలోనే ఉండాలి.

హోటల్లో కూర్చున్నాక

పదార్థం పేరు పెట్టి అడగాలి. బాలిలో ‘తన్పా తెరాసి, తన్పా ఉదాంగ్, తన్పా ఇకాన్’ అంటే రొయ్యల ముద్ద, రొయ్య, చేప లేకుండా అని అర్థం. ‘సాయా అలెర్గీ ఉదాంగ్’ అంటే నాకు రొయ్య పడదని అర్థం. ఫుకెట్‌లో పసుపు జెండా మీద ఎర్రటి థాయ్ అక్షరాలతో ‘జే’ అని రాసిన చోట మాంసం, చేప, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు కాబట్టి అక్కడ కొంత నిశ్చింతగా తినవచ్చు. ‘వెజిటేరియన్ ఫ్రెండ్లీ’ అన్న మాటకు అంత బలం లేదు. ఆ వంటగదిలో చేపలు వేయించిన నూనెలోనే మీ టోఫు కూడా వేగుతూ ఉండవచ్చు.

గుడ్డు వద్దని విడిగా చెప్పండి. పళ్లెం అంచున పెట్టే తెల్లటి వడియాన్ని పిల్లల చేతికి ఇవ్వకండి, అది చాలాసార్లు రొయ్యల పిండితో చేసినదే. ఆలిచిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ వేయవద్దని చెప్పండి. సూపు దేని నీళ్లతో కాచారో అడగండి. మన దేశంలో పొట్లాల మీద ఉండే పచ్చ చుక్కను అక్కడి దుకాణాల్లో వెతకకండి, అది మన చట్టం పెట్టిన గుర్తు. అండమాన్ వెళ్లేవారికి మాత్రమే ఆ ఆసరా ఉంటుంది. నిన్న తిన్న హోటల్లోనే అయినా ఈరోజు మళ్లీ అడగండి, ఎందుకంటే వంటవాడు మారి ఉండవచ్చు. ‘వెజ్జేనా?’ అని అడగకండి. పక్క బల్లవాళ్లు తిన్నారు గదా అని తినకండి. పెదవి దురద పెట్టినా, గొంతు బిగిసినట్లున్నా, పిల్లి కూతలు మొదలైనా ఆ ముద్దతో ఆపేయండి. అలర్జీ మాత్ర వేసి చూద్దామని కూర్చోకండి, అటువంటప్పుడు మొదట పడవలసింది అడ్రినలిన్ సూది. మనిషిని లేపి నడిపించకండి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టండి, ఊపిరి ఆడకపోతే ఆనించి కూర్చోబెట్టండి. అంబులెన్సుకు ఇండోనేషియాలో 119, థాయ్‌లాండ్‌లో 1669, శ్రీలంకలో 1990. తగ్గింది గదా అని వెంటనే గదికి తీసుకుపోకండి, కొన్ని గంటల తరువాత అది మళ్లీ తిరగబెట్టవచ్చు. స్థానిక భాషలో రాయించుకున్న కార్డును పర్సులో మడిచి దాచుకోకండి. వెయిటరుకు చూపించి ఊరుకోకుండా వంటగదిలోకి పంపించండి, వంటవాడు దాన్ని చదివి మాట చెప్పిన తరువాతే ఆర్డరు ఇవ్వండి.