డచ్ న్యాయపదాల పుట్టుక – 4వ పాఠం: స్ఖౌట్

పాత రూపాలు ఎలా సేకరించాలో గత పాఠంలో చూశాం. ఇప్పుడు వాటి మధ్య జరిగిన ధ్వని మార్పును పట్టుకోవాలి. అందుకు ‘స్ఖౌట్’ చక్కగా పనికొస్తుంది. 18వ శతాబ్దం చివరిదాకా హాలండ్ పట్టణాల్లో నిందితుణ్ణి రప్పించి, అభియోగం మోపి, శిక్ష అమలు చేయించిన అధికారి స్ఖౌట్. తీర్పు చెప్పడం మాత్రం ‘స్ఖేపెన్’ అనే సభ్యుల పని.

ముందు రూపాలన్నీ ఒక వరసలో రాయండి. మధ్యయుగపు డచ్‌లో స్ఖౌట్‌హేట్, జర్మన్‌లో షుల్ట్‌హైస్, ఇటలీని ఏలిన జర్మానిక్ జాతి లొంబార్డుల రాజు రోథారి 643 నాటి శాసనంలో స్కుల్ద్‌హైస్. డచ్‌లో తప్ప మిగతా రెండింటిలో లకారం ఉంది. అదెక్కడికి పోయింది?

ద, ట ముందున్న పాత అల్, ఒల్ డచ్‌లో ‘ఔ’ అయ్యాయి; మన పదంలోని ‘ఉల్’ కూడా ‘ఒల్’ మీదుగా ఇదే దారి పట్టింది. ఇంగ్లీషు పక్కన పెట్టి చూడండి: ఓల్డ్–ఔట్, కోల్డ్–కౌట్, గోల్డ్–ఖౌట్, సాల్ట్–జౌట్. ఒక్క జతతో సూత్రం కట్టకండి; కనీసం మూడు కావాలి.

ఇక పదాన్ని విడగొట్టండి. మొదటి ముక్క ‘స్ఖుల్ట్’. నేటి డచ్‌లో దానికి అప్పు, నేరం రెండర్థాలూ ఉన్నాయి. ఇంగ్లీషు ‘షల్’ దీనికి చుట్టమే. విడిగా వాడినప్పుడు ఇది లకారాన్ని నిలుపుకుంది కాబట్టి, నేటి రూపం చూసి ‘సంబంధం లేదు’ అనేయకండి. రెండో ముక్క ‘హేటెన్’. ఇప్పుడు ‘ఫలానా పేరు కలిగి ఉండు’ అని అర్థం. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే: ‘నేరస్తుడు అనిపించుకున్నవాడు’ అని రాసేస్తారు. సమాసం పుట్టిన కాలపు అర్థమే తీసుకోవాలి. అప్పట్లో హేటెన్‌కి ఆజ్ఞాపించు అనే అర్థమూ ఉండేది. కాబట్టి స్ఖౌట్ అంటే చెల్లించాల్సింది చెల్లించమని, తీర్చాల్సిన బాధ్యత తీర్చమని ఆజ్ఞాపించేవాడు. పైన చెప్పిన ఉద్యోగానికి ఇది సరిగ్గా అతుకుతుంది. మన కరణంలాగే ఈ పదవీ ఇంటిపేరైంది: డచ్‌వాళ్లలో స్ఖౌటెన్, జర్మన్లలో షుల్ట్స్.

ఇంగ్లీషు ‘స్కౌట్’తో జాగ్రత్త. అది లాటిన్ ‘ఆస్కుల్తారె’ (చెవి ఒగ్గి విను) నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. అందులోనూ లకారం పోయింది గానీ, పోయింది ఫ్రెంచి దారిలో. ఫలితం ఒకలా కనిపించినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు.

అభ్యాసం: డచ్ ‘బౌట్’ (బోల్టు), ‘ఫౌట్’ (తప్పు) తీసుకోండి. వీటిలో ఒకటి డచ్‌లోకి రాకముందే లకారం పోగొట్టుకుంది. అదేదో, ఏ భాష నుంచి వచ్చిందో రాయండి. జవాబు 5వ పాఠంలో.