అప్‌గ్రేడ్ తరువాత గుప్తీకరించిన డిస్క్ మౌంట్ కాకపోతే: డెబియన్ 12 నుండి 13కు మారినవారికి

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 13వ వెర్షన్, అంటే ట్రిక్సీ, 2025 ఆగస్టు 9న విడుదలైంది. దానికి ముందున్న డెబియన్ 12, అంటే బుక్‌వర్మ్ నుండి ట్రిక్సీకి మారిన కొన్ని కంప్యూటర్లలో, అంతవరకు ప్రతి బూట్‌లోనూ సక్రమంగా తెరుచుకుంటూ వచ్చిన గుప్తీకరించిన డిస్క్ మొదటి రీబూట్‌లోనే మొరాయిస్తుంది. ఇలాంటప్పుడు డిస్క్‌లోని సమాచారం దాదాపు ఎప్పుడూ క్షేమంగానే ఉంటుంది. మారినది దానిని తెరిచే ఏర్పాటు మాత్రమే. కాబట్టి కారణం తేలేవరకు ఆ డిస్క్ మీద ఏమీ రాయకుండా చూసుకోవాలి. ఫైల్ సిస్టమ్ లోపాలను సరిదిద్దే ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్ నడపకూడదు, డెస్క్‌టాప్ ఒక పెట్టె చూపించి ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే ఒప్పుకోకూడదు. తాళం తెరుచుకోలేదని గోడ పగలగొట్టుకున్నవారికి తరువాత తాళంచెవి దొరికినా ప్రయోజనం ఉండదు.

ఈ వ్యాసంలో కమాండ్లను, ఫైళ్ల పేర్లను తెలుగు లిపిలో ఇచ్చాను. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే టైప్ చేయాలి.

బూట్ ఎక్కడ ఆగింది?

డెబియన్‌లో గుప్తీకరించిన డిస్క్‌లు రెండు వేర్వేరు దశల్లో తెరుచుకుంటాయి. రూట్ ఫైల్ సిస్టమ్ (ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లకు మూలస్థానం) ఉన్న డిస్క్‌ను కెర్నల్‌తో పాటు లోడ్ అయ్యే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక వ్యవస్థ తెరుస్తుంది. ఆ పని ముగిసి రూట్ మౌంట్ అయ్యాక, అంటే వాడుకకు అందుబాటులోకి వచ్చాక, /హోమ్ గానీ వేరే డేటా డిస్క్‌లు గానీ ఉంటే వాటిని తెరిచే బాధ్యత, సేవలన్నిటినీ మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డి తీసుకుంటుంది. రెండూ /ఈటీసీ/క్రిప్ట్‌ట్యాబ్ ఫైల్‌లోని వివరాల మీదే ఆధారపడతాయి కానీ, రెండింటికీ కావలసిన ప్యాకేజీలు వేరు, చెడిపోయే తీరూ వేరు. అందుచేత ముందుగా తేల్చుకోవలసినది బూట్ ఏ దశలో ఆగిపోయిందన్నదే.

పాస్‌ఫ్రేజ్ అడగకుండానే, లేదా అడిగి కూడా రూట్ డివైస్ దొరకలేదని చెప్పి, 'ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' అని కుండలీకరణాల్లో ఉన్న ప్రాంప్ట్ దగ్గర స్క్రీన్ నిలిచిపోతే లోపం మొదటి దశలో ఉంది. అలా కాకుండా రూట్ తెరుచుకుని, సేవలు ఒక్కొక్కటిగా మొదలవుతూ, ఏదో ఒక /డెవ్/మ్యాపర్ డివైస్ (గుప్తీకరించిన డిస్క్ తెరుచుకున్నాక కనిపించే రూపం) కోసం స్టార్ట్ జాబ్ నడుస్తోందన్న వాక్యం పక్కన 90 సెకన్ల గడువు లెక్కపెట్టబడి, చివరకు ఎమర్జెన్సీ మోడ్ వస్తే లోపం రెండో దశలో ఉన్నట్టు. ట్రిక్సీకి మారినవారు ముందుగా అనుమానించవలసినది ఈ రెండో దశనే.

సిస్టమ్‌డి-క్రిప్ట్‌సెటప్ ఉందా, లేదా?

బుక్‌వర్మ్‌లో క్రిప్ట్‌ట్యాబ్‌ను చదివి డిస్క్‌లను తెరిచే భాగం సిస్టమ్‌డి ప్యాకేజీలోనే ఉండేది. ట్రిక్సీలో దానిని విడదీసి సిస్టమ్‌డి-క్రిప్ట్‌సెటప్ అనే ప్రత్యేక ప్యాకేజీగా చేశారు. సిస్టమ్‌డి దానిని తప్పనిసరిగా కోరదు, సిఫారసు మాత్రమే చేస్తుంది. మామూలు అప్‌గ్రేడ్‌లో సిఫారసు చేసిన ప్యాకేజీలు వాటంతట అవే వస్తాయి కనుక చాలామందికి ఈ మార్పు జరిగినట్టు కూడా తెలియదు. అయితే డిస్క్ స్థలం ఆదా కోసం ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ఏపీటీ సెట్టింగుల్లో సిఫారసులను ఆపివేసినవారికి ఈ ప్యాకేజీ రాదు. రీబూట్ అయ్యాక క్రిప్ట్‌ట్యాబ్‌ను చదివేవారే ఉండరు. మౌంట్ చేయవలసిన డిస్క్‌ల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్ మాత్రం ఎప్పటిలాగే /డెవ్/మ్యాపర్/డేటా కావాలని అడుగుతుంది, సిస్టమ్‌డి దానికోసం గడువు తీరేదాకా ఎదురుచూసి చేతులెత్తేస్తుంది.

దీనిని నిర్ధారించుకోవడం తేలిక. ఎమర్జెన్సీ మోడ్‌లో రూట్ (నిర్వాహకుడి ఖాతా) పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లాక, 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ సిస్టమ్‌డి-క్రిప్ట్‌సెటప్@డేటా.సర్వీస్' అని అడగండి. ఇక్కడ డేటా అన్నది క్రిప్ట్‌ట్యాబ్‌లో మీరు ఆ డిస్క్‌కు పెట్టుకున్న పేరు. అలాంటి యూనిట్ లేనే లేదన్న జవాబు వస్తే ప్యాకేజీ లేదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. యూనిట్ ఉండి విఫలమైందంటే కారణం వేరే ఉంది. అప్పుడు 'జర్నల్‌సీటీఎల్ -బి' కమాండ్ చూపే లాగ్‌లో ఆ యూనిట్ పేరున్న వాక్యాలను చదవాలి.

ప్యాకేజీ లేదని తేలితే, ఎమర్జెన్సీ మోడ్‌లో నెట్‌వర్క్ సాధారణంగా ఉండదు కనుక, ముందు డిస్క్‌ను చేత్తో తెరవాలి. 'క్రిప్ట్‌డిస్క్స్_స్టార్ట్ డేటా' అనే కమాండ్ సిస్టమ్‌డితో నిమిత్తం లేకుండా క్రిప్ట్‌ట్యాబ్‌ను తానే చదివి డిస్క్‌ను తెరుస్తుంది. ఇది పరీక్షగా కూడా పనికొస్తుంది: దీనితో డిస్క్ తెరుచుకుందంటే పాస్‌ఫ్రేజ్, క్రిప్ట్‌ట్యాబ్, డిస్క్ మూడూ బాగున్నట్టే. ఆ తరువాత 'ఎగ్జిట్' అని కొడితే బూట్ ముందుకు సాగుతుంది. లాగిన్ అయ్యాక 'ఏపీటీ ఇన్‌స్టాల్ సిస్టమ్‌డి-క్రిప్ట్‌సెటప్' నడిపి, మళ్లీ రీబూట్ చేసి చూసుకోవాలి. ఇంకా అప్‌గ్రేడ్ చేయనివారు, లేదా చేసి రీబూట్ చేయనివారు, ఈ ప్యాకేజీ ఉందో లేదో ఇప్పుడే చూసుకుంటే ఈ తిప్పలేవీ ఉండవు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్‌కు పాస్‌వర్డ్ పెట్టకుండా సుడో (మామూలు ఖాతా నుండే నిర్వాహక కమాండ్లు నడిపే పద్ధతి) మీదే ఆధారపడినవారికి ఇక్కడ మరో చిక్కు ఎదురవుతుంది. రూట్ ఖాతా లాక్ అయి ఉందని చెప్పి ఎమర్జెన్సీ మోడ్ వారిని లోపలికి రానివ్వదు. అప్పుడు బూట్ మొదట్లో కనిపించే గ్రబ్ మెనూలో 'ఈ' నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే వరుస చివర 'ఆర్‌డబ్ల్యూ ఇనిట్=/బిన్/బ్యాష్' చేర్చి బూట్ చేస్తే నేరుగా రూట్ షెల్ వస్తుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ డిస్క్ వరుసలోని ఆప్షన్లకు 'నోఫెయిల్' చేర్చి, 'సింక్' కొట్టి, 'రీబూట్ -ఎఫ్' అంటే సరిపోతుంది. డిస్క్ లేకపోయినా ఈసారి బూట్ ఆగదు. రూట్ కాని ఏ గుప్తీకరించిన డిస్క్‌కైనా, ముఖ్యంగా దూరంగా ఉన్న సర్వర్‌లో, నోఫెయిల్‌ను మొదటినుండే పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. డేటా డిస్క్ ఒకటి రాలేదని దూరం నుండి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కూడా రాకుండా పోవడంలో అర్థం లేదు.

పాస్‌వర్డ్ తీసుకుంటుంది, ఫైల్ సిస్టమ్ మాత్రం కనబడదు

ఇది తక్కువమందికి వచ్చే సమస్యే గానీ, తొందరపడితే డేటా నిజంగా పోయేది ఇక్కడే. లినక్స్‌లో డిస్క్ గుప్తీకరణకు ఎక్కువమంది వాడేది లక్స్ పద్ధతి. లక్స్‌లో ఏ సైఫర్ (గుప్తీకరణ సూత్రం) వాడారు, కీ పొడవెంత అన్న వివరాలు డిస్క్ మొదట్లోని హెడర్‌లోనే ఉంటాయి కనుక, సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు మారినా అవి దారి తప్పవు. ప్లెయిన్ డీఎం-క్రిప్ట్ పద్ధతిలో హెడర్ అంటూ ఉండదు. ఆ వివరాలను క్రిప్ట్‌ట్యాబ్‌లో రాసి ఉంచకపోతే, డిస్క్‌ను తెరిచే క్రిప్ట్‌సెటప్ సాధనం తన డిఫాల్ట్ విలువలనే వాడుతుంది. 2024లో వచ్చిన క్రిప్ట్‌సెటప్ 2.7లో ఆ డిఫాల్ట్ విలువలు మారాయి. బుక్‌వర్మ్‌లో ఉన్నది 2.6, ట్రిక్సీలో ఉన్నది 2.7 వరుస.

అంటే ప్లెయిన్ పద్ధతిలో సైఫర్ పేరు రాయకుండా తయారుచేసుకున్న డిస్క్‌ను ట్రిక్సీ మరో సైఫర్‌తో, పాస్‌వర్డ్‌ను కీగా మార్చే మరో హ్యాష్‌తో తెరుస్తుంది. పాస్‌వర్డ్ తప్పని ఎవరూ చెప్పరు, ఎందుకంటే ప్లెయిన్ పద్ధతిలో పాస్‌వర్డ్‌ను సరిచూసే ఏర్పాటే లేదు. ఏది కొట్టినా మ్యాపర్ డివైస్ తయారవుతుంది. లోపల కనిపించేది మాత్రం అర్థం లేని బైట్లు. మౌంట్ కమాండ్ ఫైల్ సిస్టమ్ రకం తప్పనో, సూపర్‌బ్లాక్ చెడిపోయిందనో అంటుంది. ఈ మాట విని ఎఫ్‌ఎస్‌సీకేతో బాగుచేయబోవడం, లేదా డిస్క్ ఖాళీగా ఉందనుకుని కొత్త ఫైల్ సిస్టమ్ పెట్టడం ప్రమాదం.

చేయవలసింది ఇది. మొదట 'క్రిప్ట్‌సెటప్ క్లోజ్ డేటా' అని ఆ మ్యాపింగ్‌ను మూసివేయాలి. డిస్క్‌ను బుక్‌వర్మ్ డిఫాల్ట్ విలువలతోనే తయారుచేసి ఉంటే, క్రిప్ట్‌ట్యాబ్‌లో ఆ వరుస నాలుగో గడిలో ఉన్న ఆప్షన్లకు 'సైఫర్=ఏఈఎస్-సీబీసీ-ఈఎస్‌ఎస్‌ఐవీ:ఎస్‌హెచ్‌ఏ256,సైజ్=256,హ్యాష్=ఆర్‌ఐపీఈఎండీ160' అని మధ్యలో ఖాళీలు లేకుండా చేర్చాలి. కొత్త డిఫాల్ట్ సైఫర్ ఏఈఎస్-ఎక్స్‌టీఎస్-ప్లెయిన్64, హ్యాష్ ఎస్‌హెచ్‌ఏ256. తరువాత క్రిప్ట్‌డిస్క్స్_స్టార్ట్‌తో తెరిచి, నేరుగా మౌంట్ చేయకుండా 'బీఎల్‌కేఐడీ /డెవ్/మ్యాపర్/డేటా' అని అడగాలి. ఈఎక్స్‌టీ4 అనో మరొకటనో ఫైల్ సిస్టమ్ పేరు కనిపిస్తే విలువలు కుదిరినట్టే. అప్పటికీ తృప్తి లేకపోతే మొదటిసారి రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి ఫైళ్లు చూసుకోవచ్చు.

ప్రతి బూట్‌లోనూ /డెవ్/యూర్యాండమ్ నుండి కొత్త కీ తీసుకునే, మెమరీ చాలనప్పుడు వాడే స్వాప్ పార్టిషన్‌కు ఈ మార్పు వల్ల నష్టం లేదు, పాత సమాచారం అక్కడ ఎలాగూ అక్కర్లేదు కాబట్టి. కానీ అలాంటి వరుసలో డిస్క్‌ను /డెవ్/ఎస్‌డీబీ2 లాంటి పేరుతో రాసి ఉంటే మాత్రం వెంటనే మార్చండి. కెర్నల్ మారినప్పుడు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ తారుమారైతే స్వాప్ వేరొక పార్టిషన్ మీద కూర్చునే ప్రమాదం ఉంది. ప్లెయిన్ డిస్క్‌కు లక్స్ యూయూఐడీ (డిస్క్‌కు మారని గుర్తింపు) ఉండదు కనుక /డెవ్/డిస్క్/బై-ఐడీ కింద ఉన్న పేరు వాడాలి. ఇక శాశ్వతంగా దాచుకునే సమాచారానికి ప్లెయిన్ పద్ధతిని ఎంచుకోవడానికి నాకు తగిన కారణమేదీ కనబడదు. వీలు చూసుకుని ఆ సమాచారాన్ని లక్స్ డిస్క్‌కు మార్చుకోవడమే మేలు.

రూట్ డిస్కే తెరుచుకోకపోతే

మొదట గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌ను ఎంచుకుని చూడండి. పాత కెర్నల్‌కు విడిగా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ ఉంటుంది. దానిని అప్‌గ్రేడ్ ముట్టుకోకపోతే బూట్ అవుతుంది, అక్కడినుండే మరమ్మతు చేసుకోవచ్చు. అదీ కాకపోతే లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, 'క్రిప్ట్‌సెటప్ ఓపెన్'తో రూట్ పార్టిషన్‌ను తెరవాలి. ఇక్కడ చాలామంది దాటవేసే వివరం ఒకటుంది: తెరిచేటప్పుడు ఇచ్చే పేరు మీ క్రిప్ట్‌ట్యాబ్‌లో ఉన్న పేరే అయి ఉండాలి. ఇన్‌స్టాలర్ సాధారణంగా పార్టిషన్ పేరు చివర '_క్రిప్ట్' అని తగిలిస్తుంది. మరో పేరుతో తెరిస్తే, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారయ్యేటప్పుడు ఆ టార్గెట్ క్రిప్ట్‌ట్యాబ్‌లో లేదన్న హెచ్చరిక వస్తుంది, రూట్ డిస్క్ వివరాలు అందులోకి చేరవు, శ్రమంతా వృథా.

డిస్క్‌ను వాల్యూమ్‌లుగా పంచే ఎల్‌వీఎం ఉంటే 'వీజీఛేంజ్ -ఏవై' నడిపి, రూట్‌ను /ఎంఎన్‌టీ మీద, దాని లోపల /బూట్‌ను, /బూట్/ఈఎఫ్‌ఐని మౌంట్ చేసి, /డెవ్, /ప్రాక్, /సిస్, /రన్‌లను బైండ్ చేసి, క్రూట్ కమాండ్ ద్వారా ఆ వ్యవస్థ లోపలికి వెళ్లాలి. క్రిప్ట్‌సెటప్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్యాకేజీ ఉందో లేదో చూసి, లేకపోతే పెట్టి, 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు -కే ఆల్' నడపాలి. ఫలితాన్ని రీబూట్ చేయకుండానే సరిచూసుకోవచ్చు: 'ఎల్‌ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' కమాండ్‌కు /బూట్‌లోని ఇనిట్‌ఆర్‌డీ ఫైల్ పేరు ఇస్తే లోపలి జాబితా వస్తుంది, అందులో క్రిప్ట్‌సెటప్ ప్రోగ్రామ్, 'క్రిప్ట్‌రూట్/క్రిప్ట్‌ట్యాబ్' రెండూ కనిపించాలి.

ఈ కమాండ్ స్థలం చాలదంటూ మధ్యలో ఆగితే అసలు కారణం అదే అయి ఉండవచ్చు. ట్రిక్సీలో కెర్నల్, ఫర్మ్‌వేర్ ప్యాకేజీలు బాగా పెరిగాయి. /బూట్ కనీసం 768 ఎంబీ ఉండి అందులో 300 ఎంబీ దాకా ఖాళీ ఉండాలని డెబియన్ సూచిస్తోంది. పాత ఇన్‌స్టాలర్లు పెట్టిన చిన్న /బూట్ పార్టిషన్‌లో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సగంలో ఆగిపోతుంది. వాడని పాత కెర్నళ్లను ఏపీటీ ద్వారా తొలగించి మళ్లీ ప్రయత్నించాలి.

పాస్‌ఫ్రేజ్ సరైనదే అయినా తప్పంటుంటే, కీబోర్డు లేఅవుట్‌ను అనుమానించండి. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో మీ డెస్క్‌టాప్ లేఅవుట్ ఉండకపోవచ్చు, ప్రత్యేక గుర్తుల స్థానాలు మారిపోతాయి. క్రిప్ట్‌ట్యాబ్‌లో 'కీస్క్రిప్ట్' (కీని అందించే స్క్రిప్ట్) వాడుతున్నవారు అది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోనే పనిచేస్తుందనీ, సిస్టమ్‌డి దానిని పట్టించుకోదనీ గుర్తించి, ఆ డిస్క్ వరుసకు 'ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' అనే ఆప్షన్ చేర్చాలి.

అన్నీ కుదిరాక, లక్స్ డిస్క్ ఉన్నవారు 'క్రిప్ట్‌సెటప్ లక్స్‌హెడర్‌బ్యాకప్'తో హెడర్ నకలు తీసి వేరే డిస్క్‌లో ఉంచుకోవాలి. హెడర్ చెడిపోతే పాస్‌ఫ్రేజ్ గుర్తున్నా డేటా తిరిగి రాదు. అయితే ఆ నకలు తీసిన నాటి పాస్‌ఫ్రేజ్‌తోనే పనిచేస్తుంది. మీరు తరువాత పాస్‌ఫ్రేజ్ మార్చినా, పాత నకలు చేతికి చిక్కినవారు పాత పాస్‌ఫ్రేజ్‌తో డిస్క్‌ను తెరవగలరు. పాస్‌ఫ్రేజ్ మార్చిన ప్రతిసారీ కొత్త నకలు తీసి, పాతదానిని తిరిగి రాకుండా చెరిపివేయాలి.