మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ వచ్చిందా? పుట్టి లెక్కతో చూద్దాం

నెల్లూరులో ఒక ధాన్యం వ్యాపారికి బిల్లింగ్ ప్రోగ్రాం రాస్తూ నేనూ, నాతో కలిసి రాస్తున్న అన్నా పడ్డ తిప్పలివి. కోడ్‌లో ఎవరేం మార్చారో దాచిపెట్టే ప్రోగ్రాం గిట్. అందులో ఒక్కొక్కరం విడిగా మార్పులు చేసుకునే దారి బ్రాంచ్, వాటిని కలపడం మెర్జ్, ఏది ఉంచాలో గిట్ తేల్చుకోలేకపోతే అది కాన్‌ఫ్లిక్ట్. కమాండ్లు చదవడానికే తెలుగులో రాశాను, కొట్టేది ఇంగ్లిషులోనే.

సమస్య: మెర్జ్ సగంలో ఆగింది, ఫైల్ నిండా బాణాలు

<<<<<<< హెడ్
పుట్టి = 850
=======
పుట్టి = 800 + తరుగు
>>>>>>> తరుగు-బ్రాంచ్

పైది నేనున్న బ్రాంచ్‌లోది, కిందది నేను కలుపుకుంటున్నది.

కారణం: గిట్ మూడు కాపీలు పక్కపక్కన పెట్టి చూస్తుంది. రెండు బ్రాంచ్‌లూ విడిపోయిన చోటి పాతది, నేను రాసినది, అన్న రాసినది. ఒక్కరే మార్చిన వరసైతే ఆ మార్పు తీసేసుకుంటుంది. పాత వరసలో ఎవరో అందాజుగా 800 అని పెట్టారు. మా దగ్గర పుట్టి అంటే 850 కిలోలు కాబట్టి నేను దిద్దాను. అన్న తన బ్రాంచ్‌లో అదే వరసకి తరుగు తగిలించాడు. ఏది ఉంచాలో గిట్‌కేం తెలుసు?

పరిష్కారం: ఏదో ఒక వైపు మార్పునే ఉంచేసే బటన్ ఎడిటర్‌లో కనిపిస్తుంది, దాన్ని టక్కున నొక్కేయకండి. నేను ఫోన్ చేశాను.

"అన్నా, తరుగు పుట్టిలో కలిపేదా?"

"వద్దు అబ్బయా, విడిగా చూపించు. రైతు అడుగుతాడు."

చివరికి పుట్టి 850గా ఉంది, తరుగు వేరే వరసకి పోయింది. ఇద్దరం రాసిందీ అది కాదు. బాణాలు చెరిపి, గిట్ డిఫ్ --చెక్ కొట్టి ఏమైనా మిగిలాయేమో చూసి, ఫైల్‌ని యాడ్ చేసి కమిట్ చేయండి, అంటే మార్పును గిట్‌లో భద్రపరచండి. గిట్ సెట్టింగుల్లో మెర్జ్.కాన్‌ఫ్లిక్ట్‌స్టైల్‌ని డిఫ్3గా పెట్టుకుంటే పాత వరస కూడా మధ్యలో కనిపిస్తుంది. నాకైతే అది లేకపోతే చెయ్యాడదు.

మధ్యలో తికమకపడితే గిట్ మెర్జ్ --అబార్ట్ కొట్టండి, మెర్జ్‌కి ముందున్న చోటికి వెళ్తారు. కమిట్ చేయని పనేదైనా ఉంటే మాత్రం అది పోవచ్చు, మెర్జ్‌కి ముందే కమిట్ చేసుకోండి.

సమస్య: మార్చింది ఒక్క వరస, కాన్‌ఫ్లిక్ట్ ఫైలంతా

చాలాసార్లు ఒకరిది విండోస్, ఇంకొకరిది లినక్స్. వరస చివరి గుర్తులు వేరు. గిట్‌అట్రిబ్యూట్స్ ఫైల్‌లో "* టెక్స్ట్=ఆటో" పెట్టి, పాత ఫైళ్లను ఒకసారి --రీనార్మలైజ్‌తో యాడ్ చేయండి.

సమస్య: కాన్‌ఫ్లిక్టే రాలేదు, బిల్లు తప్పు

అసలు టెన్షన్ ఇదే. అన్న ఒక ఫైల్‌లో తూకాన్ని క్వింటాళ్లకు మార్చాడు. నేను ఇంకో ఫైల్‌లో కిలోలనుకుని రేటుతో గుణించాను. వరసలు తగల్లేదు కాబట్టి గిట్ నోరెత్తలేదు. కిలో 20 చొప్పున పుట్టికి 17,000 రావాల్సింది, 170 వచ్చింది. ఇప్పుడు మెర్జ్ అయిన ప్రతిసారీ ఒక్క పుట్టి బిల్లు కొట్టి, కాగితం మీద లెక్కతో సరిచూశాకే పుష్ చేస్తున్నాం, అంటే ఇద్దరం వాడే కాపీకి పంపుతున్నాం.