అన్నం కుక్కరుతో లక్సెంబర్గ్‌కు

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌కు వచ్చిన కొత్తలో మా సెలవుల డబ్బంతా హోటళ్లకే పోయేది. ఇద్దరు పిల్లలతో ఒకే గదిలో సర్దుకుంటామంటే చాలాచోట్ల ఒప్పుకోరు. రెండు గదులంటే మనకే ప్రాణం ఒప్పదు. మూడో ఏడు నేను టెంటు మాట ఎత్తాను. ఆ వేసవికి మా దగ్గరికి వచ్చిన అత్తగారు, “ఇల్లూ వాకిలీ పెట్టుకుని గుడారాల్లో పడుకోవడానికి మనమేమైనా సర్కస్ వాళ్లమా?” అన్నారు. అన్నా, మాతో వచ్చారు.

ఇప్పటికి ఆరుసార్లు వెళ్లొచ్చాం. కొత్తగా వెళ్లేవారు టెంటు రంగు గురించి కాక, కింద నేల గురించి, వంట గురించి బెంగపెట్టుకోవాలని నా అభిప్రాయం. టెంటు పాతదైనా ఫరవాలేదు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక డచ్చివాళ్లు అమ్మేస్తుంటారు. మాది మార్క్‌ట్‌ప్లాట్స్ అనే పాత సామాన్ల వెబ్‌సైటులో 70 యూరోలకు దొరికింది. నలుగురికైతే ఆరుగురి టెంటు చూడండి, సామాను కూడా లోపలే పడుకుంటుంది కదా. కొనేముందు అమ్మేవారి పెరట్లోనే ఒకసారి వేయించి, జిప్పులన్నీ లాగి, లోపలికి దూరి వాసన చూడండి. బూజు వాసన వస్తే బేరమాడకుండా తిరిగి వచ్చేయండి.

మొదటిసారి ఫ్రాన్స్ దక్షిణానికో క్రొయేషియాకో పోకండి. మేం లక్సెంబర్గ్‌లోని ఎష్టర్‌నాక్ అనే ఊరికి వెళ్లాం. బెల్జియంలోని లియేజ్ మీదుగా కారులో మూడున్నర గంటలు, దారిలో టోలు లేదు. లక్సెంబర్గ్‌లో 2020 నుంచి దేశమంతటా బస్సులు, ట్రాములు, రైళ్లలో రెండో తరగతి ఉచితం. పరాయి దేశస్థులకైనా సరే, టికెట్టే అక్కర్లేదు. కారు టెంటు పక్కన పెట్టేసి నాలుగు రోజులు తీయలేదు. ఎష్టర్‌నాక్ పక్కన ప్రవహించే సావర్ నది మీద వంతెన దాటితే జర్మనీ. కూరగాయలు, పాలు అటువైపు కొనుక్కునేవాళ్లం; పెట్రోలుకు మాత్రం జర్మన్లే ఇటువైపు వస్తారు. ఒకరోజు బస్సులు మారుతూ మోజెల్ నది ఒడ్డున ఉన్న షెంగెన్ అనే ఊరికి వెళ్లాం. వీసా మీద మనం చూసే పేరు అదే. 1985 జూన్ 14న ఐదు దేశాలు అక్కడే ఒక పడవ మీద ఒప్పందంపై సంతకాలు చేశాయి. “దీనికోసమా నేను అన్ని కాగితాలు ఇచ్చింది!” అంటూ అత్తగారు ఊరి బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. అన్నట్టు, రెసిడెన్స్ కార్డు ఒక్కటే చాలదు, పాస్‌పోర్టులు కూడా వెంట ఉండాలి.

క్యాంపింగ్‌లో టెంటు వేసుకునే స్థలం బుక్ చేసేటప్పుడు మొత్తం ఎంతో అడగండి. స్థలానికి, తలకింత, కరెంటుకు, పర్యాటక పన్నుకు విడివిడిగా రాసి చివర కూడతారు. ఐదుగురికి, కరెంటుతో కలిపి రాత్రికి 44 యూరోలు కట్టాం. సీజను కాని రోజుల్లో తగ్గింపు ఇచ్చే కార్డులు ఉన్నాయి గానీ, నెదర్లాండ్స్‌లో ఐదేళ్లు నిండిన పిల్లలను సెలవులు కాని రోజుల్లో బడి మాన్పిస్తే జరిమానా. కాబట్టి చిన్నపిల్లల తల్లిదండ్రులే అదృష్టవంతులు.

ఇక వంట. ప్రతి స్థలం దగ్గరా ఒక కరెంటు పెట్టె ఉంటుంది. దానికి మూడు గుండ్రటి కాళ్ల నీలం ప్లగ్గు కావాలి, ఇంట్లోది పట్టదు. ఎన్ని ఆంపియర్లో ముందే కనుక్కోండి. మాది 6. అంటే 6ను 230 వోల్టులతో గుణిస్తే 1380 వాట్లు, అంతవరకే వాడొచ్చు. కుక్కరు 500 వాట్లది, హాయిగా ఉడుకుతుంది. నీళ్లు కాచే కెటిల్ 2000 వాట్లది. మా ఆయన కుక్కరు పక్కనే దాన్నీ పెట్టారు. టక్కుమని చప్పుడు, అంతా చీకటి. పెట్టెకు తాళం ఉంది, తాళం రిసెప్షన్‌లో ఉంది, రిసెప్షన్ ఉదయం తొమ్మిదికి తెరుస్తారు. ఆ రాత్రి సగం ఉడికిన అన్నాన్ని గ్యాసు పొయ్యి మీద గట్టెక్కించాం. టీ నీళ్లు ఇప్పటికీ ఆ పొయ్యి మీదే. పెట్టె నుంచి టెంటుకు కరెంటు తెచ్చే తీగచుట్టను మొత్తం విప్పి వాడండి, చుట్టగా ఉంటే వేడెక్కుతుంది. గ్యాసు పొయ్యిగానీ బొగ్గులుగానీ, వాన పడుతున్నా సరే, చలి వేస్తున్నా సరే, టెంటులోకి తేవద్దు; అవి మండేటప్పుడు వచ్చే విషవాయువుకు (కార్బన్ మోనాక్సైడ్) వాసన ఉండదు.

ఇంటినుంచి నేను తీసుకెళ్లేవి: సీసాలో పులిహోర పులుసు, కందిపొడి, గోంగూర పచ్చడి, పోపు వేసి వేయించిన ఉప్మా రవ్వ. రవ్వలో మరిగే నీళ్లు పోసి మూతపెడితే పది నిమిషాల్లో ఫలహారం. దోసెల పిండి మాత్రం వద్దు. ఎండకు కారులోనే పొంగి నా చెప్పుల్లోకి దిగింది. టాయిలెట్ కాగితం మనమే తెచ్చుకోవలసిన చోట్లు ఉంటాయి. మగ్గు ఎలాగూ మనదే.

రాత్రి పది దాటితే అందరూ గుసగుసల్లోకి దిగుతారు. జూలైలో కూడా తెల్లవారుజామున వణికిస్తుంది, ఆ చలి కిందినుంచి వస్తుంది. గాలిపరుపు ఎంత మెత్తగా ఉన్నా లోపలి గాలి చల్లబడిపోతుంది. ఒక రాత్రి రెండు గంటలకు అత్తగారు లేచి కూర్చుని, సూట్‌కేసులోంచి తన పాత చీరల బొంత తీసి నేల మీద, పరుపు కింద పరిచారు. చలి ఆగలేదు. బొంతను పరుపు మీద పరుచుకున్నారు. ఐదు నిమిషాల్లో గురక. అప్పటినుంచి ఒంటి మీద ఎన్ని కప్పుకున్నామని కాక, ఒంటికింద ఏముందని చూస్తున్నాను. ఫోమ్ చాపలైనా అంతే, పరుపు మీద వేయండి. నేల కాస్త వాలుగా ఉంటే తలలు ఎత్తువైపు పెట్టండి. పల్లంలో టెంటు వేయకండి, వాననీరు అక్కడికే చేరుతుంది.

ఎష్టర్‌నాక్ చుట్టూ ఉన్న ముల్లెర్‌టాల్ అడవిలో రాళ్ల సందుల్లో నడవడం పిల్లలకు పండగే. సాయంత్రం మాత్రం చంకల్లో, మోకాళ్ల వెనక, చెవుల వెనక పిడుజులు (రక్తం పీల్చే చిన్న పురుగులు) పట్టాయేమో వెతకండి. పిడుజు పట్టుకుంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి నిదానంగా లాగేయాలి. తర్వాత అక్కడ ఎర్రటి వలయం లేస్తే డాక్టరుకు చూపించాలి.

తిరిగొచ్చిన రోజే టెంటును బాల్కనీలో ఆరేయండి, మూటకట్టి రేపు చూద్దామనుకుంటే బూజే. బొంతను దానితో కలపకుండా విడిగా వేయండి. ఈ దేశపు ఎండకు అది ఆరడానికి రెండు రోజులు పడుతుంది.