బోటు ఇంజిన్ వేడెక్కితే నీటి దారి వెంట వెతకాలి

నాగార్జునసాగర్ జలాశయంలోనూ, సోమశిల దగ్గర కృష్ణలోనూ తిరిగే బోట్ల అవుట్‌బోర్డ్ ఇంజిన్లకు, అంటే బోటు వెనుక బయటివైపు బిగించే ఇంజిన్లకు, కారుకున్నట్లు రేడియేటర్ ఉండదు. బోటు ఏ నీటిపై తేలుతోందో ఆ నీటినే పీల్చుకుని, లోపల తిప్పుకుని, బయటికి వదిలి అవి చల్లబడతాయి. అందువల్ల ఇంజిన్ వేడెక్కితే మొదట అనుమానించవలసింది ఈ నీటి దారినే.

ఇంజిన్ నుంచి పిచికారీలా వచ్చే సన్నని ధారపై ఎప్పుడూ ఒక కన్ను ఉంచాలి. వేడి హెచ్చరిక బజర్ మోగగానే వేగం తగ్గించి న్యూట్రల్‌లోకి తేవాలి. ధార బాగా వస్తుంటే కాసేపు నెమ్మదిగా తిరగనివ్వవచ్చు. ధార ఆగిపోతే మాత్రం ఇంజిన్ వెంటనే ఆపి, లంగరు వేయాలి.

ఇంజిన్ తాళంచెవి బయటికి తీసేశాకే దాన్ని పైకెత్తి, నీరు పీల్చే జాలిని చూడాలి. సోమశిల దగ్గర ఒకసారి నేను ఈ పని చేయకుండానే పై మూత విప్పి గంటసేపు వెతికాను. చివరికి జాలికి అతుక్కుని కనిపించింది ఒక పాలిథిన్ కవరు. నాచు, తెగిన వల దారాలు కూడా ఇలాగే దారి మూసేస్తాయి. నిండు మట్టం 590 అడుగులైన సాగర్‌లో ఎండాకాలం నీరు దిగినప్పుడు, ఒడ్డు దగ్గరి బురద కూడా లోపలికి పోతుంది.

జాలి శుభ్రంగానే ఉంటే, ధార వచ్చే రంధ్రంలో సన్నని తీగను మెల్లగా ఆడించి చూడాలి. బోటు చాలా రోజులు ఒడ్డున ఉంటే కందిరీగలు అందులో మట్టి పెడతాయి.

అప్పటికీ ధార రాకపోతే తప్పు చాలావరకు నీటి పంపులో నీటిని నెట్టే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్‌దే. దాని రబ్బరు రెక్కలను వేలితో వంచి వదిలితే వెంటనే నిటారుగా లేవాలి. వంగినవి వంగినట్లే ఉన్నా, రెక్కల మొదళ్ల దగ్గర పగుళ్లు కనిపించినా కొత్తది వేయాలి. ఏదైనా రెక్క విరిగిపోయి ఉంటే ఆ ముక్క దొరికేవరకు వెతకాలి, ఎందుకంటే అది పై గొట్టంలో ఇరుక్కుంటే కొత్త ఇంపెల్లర్ వేసినా ఇంజిన్ మళ్లీ వేడెక్కుతుంది. ఒడ్డున నీళ్లు పెట్టకుండా ఇంజిన్ ఆడించి చూసే అలవాటును దయచేసి మానండి. తడి లేని రబ్బరు కొద్ది క్షణాల్లోనే కాలిపోతుంది.

ధార బాగున్నా వేడి తగ్గకపోతే వేడిని బట్టి నీటి దారిని తెరిచే థర్మోస్టాట్‌ను విప్పి, దారంతో గిన్నె నీళ్లలో వేలాడదీసి కాచాలి. నీళ్లు మరిగినా దాని కవాటం తెరుచుకోకపోతే మార్చవలసిందే.

కూలెంట్‌తో (లోపలే తిరిగే చల్లబరిచే ద్రవంతో) చల్లబడే పెద్ద డీజిల్ బోట్లలో బెల్టునూ, నీటి వడపోతనూ చూడాలి. వేడి మీద కూలెంట్ ట్యాంకు మూత తిప్పితే ఆవిరి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

మరమ్మతు అయ్యాక ప్రయాణికులను ఎక్కించుకోకుండా, ఒడ్డు కనుచూపులో ఉండేలా కొంతసేపు నెమ్మదిగా నడిపి, వేగం పెంచినప్పుడు ధార కూడా బలపడుతోందో లేదో చూడాలి.